పొద్దు వాలేలోగా జవాబు

ఆ సోమవారం ఉదయం నాగసుబ్బయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదికి ఆఫీసు తాళం తీయాలి. పదికల్లా కంప్యూటరు తెరిచి దుబాయి కంపెనీ మెయిలు వచ్చిందేమో చూడాలి. రాకపోతే మజ్జిగ తాగి, వచ్చేదాకా కూర్చోవాలి. ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో ఇంత తేలికైన పని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఇంత తేలికైన పనిని రెండు వారాల్లో పోలీసుల దాకా తీసుకుపోవచ్చునని ఆయనకు మాత్రం ఏం తెలుసు?

మంగంపేట రోడ్డు మీద వరసగా ఆరు ముగ్గురాయి మిల్లులున్నాయి. గనిలోంచి వచ్చిన రాయిని మెత్తగా పొడి కొట్టి సంచులకెత్తడం వాటి పని. ఆ పొడి ఓడలెక్కి ఎక్కడెక్కడికో పోయి చమురు బావుల్లో పడుతుంది. ఓడ ఎక్కనిది మంగంపేటలోనే చెట్ల మీద, లారీల మీద, మనుషుల కనుబొమల మీద పడుతుంది. నాలుగో మిల్లు ధనుంజయది. నాగసుబ్బయ్య అందులో గుమాస్తా. ఉత్తరాల వ్యవహారమంతా ఆయనదే. మిల్లంతా తెల్లగా ఉన్నా ఆయన కుర్చీ, బల్ల మాత్రం నల్లగా నిగనిగలాడుతుంటాయి, ఎందుకంటే ఆయన భుజం మీది తువ్వాలు గంటకొకసారి వాటి మీద తిరుగుతుంది.

మిల్లు పెట్టిన పెద్దాయన, అంటే ధనుంజయ తండ్రి, ఒకే ఒక్క నియమం పెట్టి పోయాడు. వచ్చిన జాబు ఏదైనా సరే, ఎవరు రాసినా సరే, ఆ రోజు పొద్దు వాలేలోగా జవాబు పోవాలి. సరుకు కావాలన్నవాడికీ రాయాలి, వద్దన్నవాడికీ రాయాలి. పక్క మిల్లుకు పోవలసిన ఉత్తరం పొరపాటున వస్తే, పొరబడినందుకు విచారం తెలిపి మరీ రాయాలి. ఒకసారి ఎవడో మిల్లు తగలబెడతానని ఆకాశరామన్న ఉత్తరం రాస్తే, దానికి కూడా నాగసుబ్బయ్య 'తమరి జాబు చేరింది, విషయం గమనించడమైనది' అని జవాబు రాశాడు. చిరునామా లేదు గనక దాన్ని పోస్టాఫీసు గోడకు అంటించి వచ్చాడు. తగలబెడతానన్నవాడు మళ్లీ రాయలేదు.

ఇదంతా కాగితాల కాలం మాట. రెండు వేల ఐదు ఎండాకాలంలో ధనుంజయ కంప్యూటరు కొన్నాడు. అదే నెలలో దుబాయి కంపెనీవాళ్లు ఆరు మిల్లులకూ వచ్చి, మచ్చుకు తలా ఒక డబ్బా పొడి పట్టుకుపోయారు. ఎవరిది నచ్చిందో మెయిల్లో చెబుతామన్నారు.

"మామా, ఇంక ముఖ్యమైనవి ఏవీ కాగితం మీద రావు. అన్నీ దీంట్లోనే వస్తాయి" అన్నాడు ధనుంజయ. "దుబాయోళ్ళ మెయిలు గిన జారిపోయిందంటే ఓడ సరుకు పోయినట్లే."

"పెద్దాయన కాలంనుంచి నా చేతిలో ఒక్క జాబన్నా జారిందా అప్పా?"

"అది వేరే, ఇది వేరే. చాతగాకుంటే ఇప్పుడే చెప్పు. కంప్యూటరు నేర్చినోళ్ళను తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెడతా. నువ్వు గేటు కాడ కాటాలో కూర్చోని లారీలు తూకమేసుకో."

కాటా గది అంటే రేకుల కొట్టం, దుమ్ము, లారీ డ్రైవర్ల కేకలు. దుమ్ము భరించవచ్చు. ముప్పై ఒక్క ఏళ్లుగా 'తమరి జాబు చేరింది' అని రాసిన చెయ్యి ఇక లారీ నంబర్లు రాయాలన్నదే నాగసుబ్బయ్యకు మింగుడుపడలేదు. ఆ కుర్చీ పోతే ఇంట్లో తన ముఖం తనకే చూడబుద్ధి కాదు. అందుకే బజారులో నెట్ సెంటర్ నడిపే షబ్బీర్ దగ్గర నాలుగు రోజులు కూర్చుని మెయిలు తెరవడం, రాయడం, పంపడం, ప్రింటు తీయడం నేర్చుకున్నాడు.

ఆ సోమవారం పదింటికి మెయిలు వచ్చింది. దుబాయి నుంచి కాదు, ఎక్కడో సముద్రం మధ్య దీవిలో ఉన్న ఒక ఆన్‌లైన్ కాసినో నుంచి. 'ప్రియ మిత్రమా, అభినందనలు! మీ పేరున వంద డాలర్లు వేరుగా పెట్టి ఉంచాము. వెంటనే వచ్చి ఆడి గెలుచుకోండి' అని ఇంగ్లీషులో ఉంది. పైన పాచికల బొమ్మ, కింద జెన్నిఫర్ అని సంతకం. నాగసుబ్బయ్య అంత అమాయకుడేమీ కాదు, ఇది జూదమని మొదటి వాక్యంలోనే తెలిసింది. కోపం మాత్రం రాలేదు. పిలిచినవాళ్లకు రామని చెప్పడం కూడా మర్యాదేనని ఆయన నమ్మకం. మెయిలును రంగుల ప్రింటు తీసి, మూలన మిల్లు పేరుతో 'అందినది' అన్న ముద్ర కొట్టి, ఒంటి వేలితో గంటసేపు జవాబు కొట్టాడు. ఇంగ్లీషులో రాసిన ఆ జవాబు సారాంశం ఇది:

'తమరి జాబు చేరింది. సంతోషం. తమరి పిలుపు మన్నించి రాలేకున్నందుకు చింతిస్తున్నాము. మా యజమాని వంశంలో మూడు తరాలుగా ఎవరూ పేకముక్క ముట్టలేదు, పందెం కట్టలేదు, ఇకముందు కూడా కట్టబోరు. తమరికి ముగ్గురాయి పొడి అవసరమైతే మాత్రం తప్పక తెలుపగలరు. సాంద్రత నాలుగు పాయింటు రెండు. టన్ను ధర ఈ కింద ఇవ్వడమైనది. బేరం లేదు.'

పోయే జాబుల రిజిస్టరులో నంబరు వేసి, టైము రాసి, హాయిగా ఇంటికి వెళ్లాడు.

అలాంటి ఉత్తరాలకు జవాబు రాస్తే అవతలివాళ్లకు తెలిసేది ఒకటే సంగతి: ఈ చిరునామాలో ఒక మనిషి ఉన్నాడు, వచ్చినవి చదువుతున్నాడు. వాళ్లకు అంతకంటే శుభవార్త ఉండదు. ఆ శుభవార్తను వాళ్లు నలుగురితో పంచుకుంటారు కూడా. మరునాడు పదకొండు మెయిళ్లు వచ్చాయి. నాగసుబ్బయ్య పదకొండింటికీ రాశాడు. బుధవారం నలభై వచ్చాయి. గురువారం ఆయన అన్నం క్యారియర్ తెరవకుండానే ఇంటికి తీసుకుపోయాడు. శుక్రవారం తొంభై చూసి షబ్బీర్‌ను పిలిపించాడు.

షబ్బీర్ తెర మీదికి చూసి ముందు నవ్వాడు, తర్వాత రిజిస్టరు చూసి నవ్వు ఆపాడు.

"సుబ్బయ్యన్నా, వీటికి జవాబులు రాస్తాండావా? ఇవి మనుషులు రాసేవి కాదన్నా. మిషన్లు పంపిస్తాండాయి."

"సంతకం ఉండాది కదప్పా, జెన్నిఫర్ అని."

"జెన్నిఫరూ లేదు, ఎవురూ లేరు. గమ్మున తుడిపెయ్. ఇదో, ఈ బటన్ నొక్కితే పోతాయి."

"జవాబు రాయకుండానే?"

"మిషనుకు జవాబేందన్నా!"

"మిషను రాసినా జాబు జాబే. ఈ కుర్చీలో నేనుండగా జవాబు పోని జాబు లేదు. నువ్వు వేరే ఉపాయమేమన్నా ఉంటే చెప్పు."

షబ్బీర్‌కు తలనొప్పి వచ్చింది. ఒకసారి రాసిన జవాబును మళ్లీ మళ్లీ అతికించి పంపే ఉపాయం చూపించి తప్పించుకున్నాడు. మనిషి మేలు కోరే చేశాడు, కానీ ఆ తర్వాత జరిగినదాంట్లో అతని వాటా కూడా తక్కువ కాదు. ఒంటి వేలితో గంటకు ఒక్క జవాబు కొట్టే నాగసుబ్బయ్య ఇప్పుడు గంటకు ముప్పై పంపసాగాడు. అవతలి మిషన్లు కూడా ఉత్సాహపడ్డాయి.

శనివారం ఆయనకు స్వయంగా ఒక మార్గం కనిపించింది. ఒక మెయిలు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో 'మా జాబులు వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి' అని ఉంది. నొక్కాడు. ఫారం తెరుచుకుంది. యజమాని పేరు, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, సెల్‌ఫోను నంబరు అడిగింది. వద్దనేవాళ్ల వివరాలు కూడా ఇంత శ్రద్ధగా రాసుకుంటున్నారంటే పద్ధతి గల మనుషులేనని ఆయనకు గౌరవం కలిగింది. ధనుంజయ వివరాలన్నీ తప్పుల్లేకుండా నింపి, ఖాళీ ఉంది కదా అని గోత్రం కూడా రాసి పంపాడు.

ఆ మరునాడు, ఆదివారం సాయంత్రం, హైస్కూలు ఆవరణలో మట్కా నిర్మూలన సంఘం సభ జరుగుతోంది. సంఘం అధ్యక్షుడు ధనుంజయ. అంకెల మీద పందెం కాసి సంసారాలు ఎట్లా గుల్లవుతున్నాయో ఆయన ఆవేశంగా చెబుతున్నాడు. బల్ల మీద పెట్టిన సెల్‌ఫోను టింగుమంది. వేదిక మీద పక్క కుర్చీలో ఉన్న హెడ్ కానిస్టేబుల్ నరసన్న, ఏదైనా అత్యవసరమేమోనని, దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఆయన ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాడు. చదివింది రెండోసారి కూడా చదివాడు. 'ధనుంజయ గారూ, అభినందనలు! మీ ఆట ఖాతా సిద్ధం. ఈ రాత్రికే పందెం కాయండి' అని ఉంది. సభ ముగిసేలోపల అలాంటివి ఇంకో ఆరు వచ్చాయి, ఒకదాంట్లో ఆయన పుట్టిన తేదీ కూడా ఉంది.

"ఎవురో తిక్కనాయాళ్ళు పంపిస్తాండారు నరసన్నా" అన్నాడు ధనుంజయ, చెమట తుడుచుకుంటూ.

"ఔనౌను" అన్నాడు నరసన్న. "నీ పుట్టిన తేదీ గూడా కరెక్టుగా తెల్సిన తిక్కనాయాళ్ళు."

ఇది ఇక్కడితో ఆగినా బాగుండేది. కానీ ఆఫీసులో కాగితాల సంగతి ఒకటుంది. ముద్ర కొట్టిన ప్రింట్లతో రెండు బీరువాలు నిండి తలుపులు పడటం లేదు. పనికిరాని కాగితాలను వారానికొకసారి క్రాసు రోడ్డులో బజ్జీల బండి పెట్టుకున్న రాహేలమ్మకు ఇవ్వడం మిల్లులో మామూలు. జవాబు పోయిన ప్రింటుతో ఇక పనేముంది? నాగసుబ్బయ్య రెండు కట్టలు కట్టి పంపించాడు. రాహేలమ్మ వాటిని చూసి మురిసిపోయింది. మందం కాగితం, నూనె పీల్చుకుంటుంది, పైగా రంగుల బొమ్మలు.

మంగళవారం నుంచి ఆ చుట్టుపక్కల బజ్జీ తిన్న ప్రతివాడి చేతిలోనూ పాచికలు, పేకముక్కలు, బంగారు నాణేలు చల్లుతున్న ఆడమనిషి, మూలన ధనుంజయ మిల్లు ముద్ర కనిపించాయి. వాటితోబాటు అంకెలు. కాసినోవాళ్లు ప్రతి మెయిల్లోనూ ఏదో ఒక బోనస్ నంబరు పెద్దక్షరాల్లో ఇస్తారు. మట్కా ఆడేవాళ్ల కంటికి ప్రపంచమంతా అంకెలే. కలలో తేలు కుడితే ఒక అంకె, కోడి మూడుసార్లు కూస్తే ఒక అంకె, చచ్చినవాడి వయసు ఒక అంకె. అలాంటివాళ్ల చేతికి వేడి వేడి బజ్జీతో సహా ఎర్రరంగులో నంబరు వస్తే ఊరుకుంటారా? కాశారు. మొదటిరోజు పోయింది. రెండోరోజూ పోయింది. మూడోరోజు, ఖర్మ కాలి, తగిలింది.

శుక్రవారం రాహేలమ్మ బండి దగ్గర పొద్దున్నే జనం మూగారు. బజ్జీ లేకుండా కాగితం మాత్రం ఇమ్మన్నవాళ్లూ ఉన్నారు. శనివారానికి ఆమె కాగితాలు అయిపోయాయి. జనం ముద్ర మీద పేరు చదువుకుని నేరుగా మిల్లు గేటుకు వచ్చారు.

ధనుంజయ కారు దిగేసరికి గేటు ముందు నలభైమంది నిలబడి ఉన్నారు. కూలికి వచ్చారేమో అనుకుని, "ఈ పొద్దు పనిలేదప్పా" అన్నాడు.

"పనికి రాలేదన్నా. రేపటి నంబరు కోసరం వచ్చినాం" అన్నాడు ముందున్నవాడు, ఎంతో వినయంగా. "బజ్జీకాయితాల్లో ఎందుకు ఇయ్యాల? బోర్డు మీద రాసిపెట్టు, అందరికీ మేలు."

ధనుంజయకు అర్థం కాలేదు. ఇంకొకడు అర్థమయ్యేటట్టు చెప్పాడు. "మట్కా వద్దని మైకులో చెప్పడం, లోపల నంబరు ఇయ్యడం. శానా తెలివిగా చేస్తాండావన్నా. నీ మాదిరి పెద్దమనిషి ఊరికి ఒక్కడుండాల."

అదే సమయానికి నరసన్న మోటారు సైకిల్ వచ్చి ఆగింది. ఆయన జేబులోంచి నూనె మరకల కాగితం ఒకటి బయటికి తీశాడు. ధనుంజయ ఆఫీసు గది వైపు చెయ్యి చూపించాడు.

నాగసుబ్బయ్య లేచి నమస్కారం పెట్టి, కుర్చీ తుడిచి వేశాడు. నరసన్న కూర్చోలేదు. రిజిస్టరు తెరిచి పేజీలు తిప్పాడు.

"ఈ జాబులన్నీ ఎవురికి పోయినాయి?"

"కాసినోలకు సార్."

"ఎన్ని?"

"నిన్న పొద్దు వాలేటప్పటికి వెయ్యిన్నీ నాలుగు వందల పన్నెండు."

"ఏమని రాసినావు?"

"మాకు జూదం వద్దని."

నరసన్న రిజిస్టరులోంచి తల ఎత్తాడు. "వద్దనేదానికి వెయ్యిన్నీ నాలుగు వందల జాబులు రాస్తారాప్పా ఎవురన్నా? నా సర్వీసులో కావాలనేటోడు గూడా ఇన్ని రాయలా."

అయినా పోలీసు గనక, పోయిన జవాబులు కంప్యూటరులో తెరిపించి చదివి చూశాడు. మొదటి ఇరవై జవాబులూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. ఇరవయ్యొకటో దానికి ఆయనకు నిజంగానే నమ్మకం కుదిరింది. ఇంత విసుగు పుట్టించే నేరం ఎవరూ చేయరు. కేసు లేదని, కానీ ఇటువంటి మెయిళ్లు ఇక తెరవవద్దని చెప్పాడు. మిగతా ఐదు మిల్లులకూ కూడా వెళ్లి హెచ్చరించాడు. "అభినందనలు అని గిన మొదలైతే చదవనే వద్దు. తుడిపెయ్యండి. నాలుగో మిల్లులో ఏమైందో చూసినారు గదా." వాళ్లు చూశారు. ఆ రోజు నుంచి ఐదు మిల్లులవాళ్లూ అదే పనిగా తుడిచేయసాగారు.

నరసన్న వెళ్లాక ధనుంజయ తలుపు వేశాడు. చిన్నప్పుడు తనను భుజాల మీద మోసిన మనిషి గనక గట్టిగా అరవలేక, అరవకుండా ఉండలేక, కిటికీ వైపు తిరిగి మాట్లాడాడు.

"మామా, నా పరువు బజ్జీకాయితమైపాయ. దుబాయి మెయిలు చూసినావా, పోనీ?"

"రాలేదప్పా."

"ఇన్ని కుప్పల్లో అది వచ్చిందో రాలేదో నీకెట్ల తెలుస్తాది? మంగళారం దాంకా చూస్తా. బుధవారం పొద్దున షబ్బీర్ వచ్చి ఇదంతా తుడిపేస్తాడు. ఆ పొద్దునించి నువ్వు కాటా కాడ కూర్చో."

నాగసుబ్బయ్య మళ్లీ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మూడు రోజులు పని మాత్రం మానలేదు. మంగళవారం సాయంత్రం ఐదున్నరకు ఇంకా అరవై మూడు మెయిళ్లు మిగిలి ఉన్నాయి. కిటికీలోంచి చూస్తే పొద్దు గని గట్టు మీదికి దిగుతోంది. ఒక్కొక్కటి తెరిచి, చదివి, రాయాలంటే ఈ రోజుకు కాదు. రేపు ఈ కుర్చీ తనది కాదు. ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి జాబులు చదవకుండా జవాబులు రాశాడు. పైనుంచి కిందికి వరసగా, కళ్లు మూసుకున్నట్టే, అదే జవాబు అరవై మూడుసార్లు అతికించి పంపాడు. పొద్దు అంచు గట్టు కింద మునిగేటప్పటికి చివరిది పోయింది. కుర్చీ తుడిచాడు, బల్ల తుడిచాడు, కళ్లు తుడుచుకున్నాడు, తాళంచెవి కొక్కేనికి తగిలించి వెళ్లిపోయాడు.

ఇంట్లో ఆయన ముఖం చూసే భార్య సుందరలక్ష్మి కనిపెట్టింది.

"కాటాలో కూర్చుంటే ఏమయ్యా? పెద్ద మిషనే కదా, లారీని పైకెక్కిస్తారంట" అంది ఓదార్పుగా.

"పెద్దదే. జవాబు రాయదు" అన్నాడాయన.

బుధవారం పొద్దున షబ్బీర్ వచ్చి అంతా తుడిచేశాడు. వచ్చినవీ పోయాయి, పంపినవీ పోయాయి. ఆ రోజంతా ధనుంజయ తెర ముందు కూర్చున్నాడు, కాసినోల మెయిళ్లే తప్ప ఇంకేమీ రాలేదు. మిగతా మిల్లులకు ఫోన్లు చేస్తే అక్కడా దుబాయి ఊసు లేదు. కాటా గదిలో నాగసుబ్బయ్య లారీ నంబర్లు రాస్తున్నాడు. అలవాటు కొద్దీ ఒక డ్రైవరుకు ఇచ్చిన తూకం చీటీ అడుగున 'తమ విధేయుడు' అని రాసి సంతకం పెట్టాడు.

గురువారం పదకొండింటికి ఒక జీపు కాటా దగ్గర ఆగింది. నలభై ఏళ్ల మనిషి దిగాడు. తన పేరు గౌస్ పీర్ అని, సొంతూరు కడపే అని, దుబాయి కంపెనీకి మద్రాసులో ఉండి సరుకు చూసి పంపే పని తనదని చెప్పుకున్నాడు. నాగసుబ్బయ్య చేసిన కబురుకు ధనుంజయ పరుగెత్తుకుంటూ వచ్చి, ఆయన చేతిలో ఉన్నది చూసి నిలబడిపోయాడు. గౌస్ పీర్ చేతిలో బజ్జీల పొట్లం ఉంది. పొట్లం మీద పాచికలు, నాణేలు చల్లే ఆడమనిషి, మూలన మిల్లు ముద్ర. రాహేలమ్మ ఎక్కడో నాలుగు కాగితాలు దాచుకున్నట్టుంది.

"ఈ ముద్ర చూసే దారి కనుక్కున్నా" అన్నాడు గౌస్ పీర్. "బజ్జీలు బాగుండాయి. ఈ బొమ్మలేందో అర్థం కాలా."

"అవి... మాకు వచ్చిన జాబులు" అన్నాడు ధనుంజయ.

"జవాబు రాసేసినాం సార్" అన్నాడు నాగసుబ్బయ్య వెనకనుంచి, ధైర్యం చెబుతున్నట్టు.

ధనుంజయ కళ్లు మూసుకున్నాడు. ఇక దాచేదేమీ లేదు.

"మీ జవాబు కోసరమే వచ్చినా" అంటూ గౌస్ పీర్ సంచిలోంచి ఒక కాగితం తీశాడు. "మంగళారం పొద్దున ఆరు మిల్లులకూ మెయిలు పెట్టినాం. అభినందనలు, మీ మచ్చు పాసయింది, సాంద్రత ఎంత, ధరెంత, ఒక్క దినంలో చెప్పండి అని. ఐదు మిల్లులోళ్ళు ఉలకలేదు, పలకలేదు. మీరొక్కరే ఆ పొద్దే రాసినారు."

ధనుంజయ కాగితం అందుకుని చదివాడు. 'తమరి జాబు చేరింది. సంతోషం. తమరి పిలుపు మన్నించి రాలేకున్నందుకు చింతిస్తున్నాము. మా యజమాని వంశంలో మూడు తరాలుగా...'

"మా మేనేజరు దీన్ని రెండుసార్లు చదివినాడు" అన్నాడు గౌస్ పీర్. "పోయిన సంవత్సరం మాకు సరుకిచ్చే ఆయప్ప క్రికెట్ పందేల్లో మిల్లునే పోగొట్టుకున్నాడు. ఓడ ఖాళీగా పోయింది. ఈతూరి మేనేజరు ఒకటే పట్టు పట్టినాడు, ఆ అలవాటు లేని మనిషిని చూడమని. ఎవురినైనా ఆ మాట మొగం మీద అడుగుతామా సార్? మేము అడక్కముందే మీరు రాసినారు. పైగా రామన్నారు, బేరం లేదన్నారు. బేరాలకు దుబాయి దాంకా రారు, గట్టి మనుషులు అన్నాడు. అదే ధరకు రెండు వేల టన్నులు."

ధనుంజయ నాగసుబ్బయ్యను చెయ్యి పట్టుకుని కాటా గది వెనక్కి లాక్కుపోయాడు.

"మామా, నిజం చెప్పు. ఈ మెయిలు చదివి రాసినావా?"

"చదివే పొద్దు యాడుందప్పా? అరవై మూడు ఉండె."

ధనుంజయకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నాగసుబ్బయ్య భుజం మీది దుమ్ము పట్టిన తువ్వాలు తానే లాగి దులిపాడు. "రా మామా. పోయి నీ కుర్చీలో కూర్చో."

నాగసుబ్బయ్య కదల్లేదు. "ఒక మాట అప్పా. రెండు దినాల జాబులు వచ్చి ఉంటాయి. అన్నిటికీ రాయమంటే వస్తా. తుడిపెయ్యమంటే నాకు ఈ లారీలే మేలు."

ధనుంజయ జీపు వైపు చూశాడు. గౌస్ పీర్ పొట్లంలోని చివరి బజ్జీ తింటున్నాడు.

"రాసుకో మామా" అన్నాడు. "కానీ ముద్ర కొట్టిన కాగితం మాత్రం రాహేలమ్మకు ఇయ్యొద్దు."

మధ్యాహ్నానికల్లా నాగసుబ్బయ్య కుర్చీలో ఉన్నాడు. నూట పదిహేడు జాబులు ఎదురుచూస్తున్నాయి. రిజిస్టరులో కొత్త పేజీ తిప్పి, కళ్లద్దాలు తుడుచుకుని, ఎంతో తృప్తిగా మొదటిది తెరిచాడు.

రెండు వేల టన్నుల మాట మంగంపేటలో దాగుతుందా? వారం తిరక్కముందే మిగతా ఐదు మిల్లులవాళ్లూ నాగసుబ్బయ్య జవాబు నకలు సంపాదించారు. ఇప్పుడు ఆ రోడ్డు మీది ఆరు మిల్లుల నుంచీ ప్రపంచంలోని కాసినోలన్నిటికీ రోజూ పొద్దు వాలేలోగా ముగ్గురాయి పొడి ధరలు వెళ్తున్నాయి. ఇంతవరకు ఒక్క కాసినో కూడా సరుకు అడగలేదు.